వేడి దిమ్మె మీద చన్నీళ్ళు

మా చిత్తూరు జిల్లాలో కాంక్రీటు గురించి తెలియని మనిషి లేడు. టీ కొట్టతనికి తెలుసు, ఆటో అతనికి తెలుసు, వేవిళ్ళతో పుట్టింటికొచ్చిన మా పక్కింటి అమ్మాయికి కూడా తెలుసు. అందరికీ తెలిసింది ఒకటే ముక్క: నీళ్ళు పోయాలి. ఎంత పోస్తే అంత గట్టి. ఇసుక దగ్గర, కమ్మీల దగ్గర పీనాసితనం చేసినవాళ్ళు కూడా స్లాబు మీద మట్టితో మడులు కట్టి, నీళ్ళు నిలబెట్టి, పొద్దునా సాయంత్రం ఎక్కి చూసి మురిసిపోతారు. ఇరవై ఏళ్ళుగా సైటు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఈ ఒక్క ముక్కతో నేను పడిన బాధ సిమెంటుతో పడలేదు, మేస్త్రీలతో పడలేదు.

ఆ ముక్క పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేసి నా పని నేను చూసుకునేదాన్ని. ముప్పావు వంతు నిజం కాబట్టే ఇంత తంటా. తిరుపతిలో మే నెల ఎండకు కొత్త స్లాబు మీద నీళ్ళు లేకపోతే సాయంత్రానికి అప్పడంలా ఎండిపోతుంది. సిమెంటు గట్టిపడాలంటే దానికి నీళ్ళు కావాలి, ఎండా గాలీ ఆ నీళ్ళను లాగేస్తాయి, కాబట్టి మనం పోస్తూ ఉండాలి. అంతవరకూ ఊరంతా రైటే. కానీ సిమెంటూ నీళ్ళూ కలిసినప్పుడు లోపల వేడి కూడా పుడుతుంది. జానెడు మందం లేని స్లాబులో ఆ వేడి పుట్టింది పుట్టినట్టే బయటికి పోతుంది గనక దాని సంగతి ఎవరికీ పట్టదు. అదే మనిషి ఛాతీ ఎత్తున, నాలుగు మంచాలంత వెడల్పున ఒకే దిమ్మె పోశారనుకోండి, మధ్యలో పుట్టిన వేడికి బయటికి దారి ఉండదు. రెండు మూడు రోజులు పెరుగుతూనే పోతుంది. అప్పుడు పైన ఏం కప్పాలి, ఎప్పుడు తీయాలి, నీళ్ళు పోయాలా వద్దా అన్నది పూర్తిగా వేరే లెక్క. ఈ రెండో సగం చెప్పబోతే మా వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

నాకు కోపం ఎక్కువని ముందే ఒప్పుకుంటాను. ఒకసారి చెప్తాను, రెండోసారి చెప్తాను, మూడోసారి అరుస్తాను. మా నాయన బతికున్నప్పుడు, "నీ కింద పనిచేసేవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోవాలమ్మా" అనేవాడు. ఆడదాని మాట సైటులో చెల్లాలంటే గొంతు పెంచాల్సిందే అని నేను వాదించేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది పలమనేరులో జరిగింది. అక్కడొక పాల డెయిరీలో పెద్ద కొత్త యంత్రం వస్తోంది, పాలను చల్లబరిచే గదులకు కావలసిన కంప్రెసరు. ఇరవై నాలుగు గంటలూ అదురుతూ ఉండే యంత్రం. దానికి కింద దిమ్మె కట్టే పని మా కంట్రాక్టరుకు వచ్చింది. యంత్రం చేసేవాళ్ళు పంపిన కాగితంలో ఒక షరతు ఉంది: దిమ్మె మధ్యలో వేడికీ పైభాగం వేడికీ మధ్య తేడా ఇరవై డిగ్రీలు దాటకూడదు, దిమ్మెలో పగులు ఉండకూడదు, ఉంటే యంత్రం దించం. డిసెంబరు నెల. తిరుపతిలో ఫ్యాను తిరుగుతున్నా పలమనేరులో పొద్దున తొమ్మిది దాకా స్వెట్టర్లు తీయరు.

నీళ్ళు పట్టే పనికి మా కంట్రాక్టరు దగ్గర ఒక అవ్వ ఉండేది. అరవై దాటిన మనిషి, నగరి దగ్గర పల్లె. పదిహేనేళ్ళుగా మా ప్రతి స్లాబునీ తడిపింది ఆమే. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా స్లాబు మీద నడిచి, అరికాలితోనే ఎక్కడ దప్పిగొని ఉందో చెప్పేది. "నేను నీళ్ళు పట్టిన మిద్దె నెర్రిచ్చింది అని ఎవరన్నా సెప్పమను సూస్తాం" అనేది. నిజంగానే ఎవరూ చెప్పలేకపోయారు. ఈ మధ్య మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోతోంది. కంట్రాక్టరు ఆమెను ఇంటికి పంపాలని చూస్తున్నాడు. ఈ దిమ్మె నేల మీదే కదా, ఎక్కే పని లేదు కదా అని నేనే అడ్డుపడ్డాను.

"సరే మేడమ్, మీరు సెప్పినారని ఇదొక్కటి. దీంట్లో ఏమన్నా తేడా వచ్చిందంటే మాత్రం అవ్వ ఇంటికే, మళ్ళీ నన్ను అడగద్దండి" అన్నాడతను, ఆమె వింటూండగానే.

ఆమె నా పక్కకు వచ్చి, "ఇంటికి పొయ్యి నేనేం సేసేది మా? పొద్దన్నుంచి సాయంత్రందాకా గోడలు సూస్తా కూసోవాల్నా?" అంది. ఆ గొంతులో మామూలుగా ఉండే పొగరు లేదు. ఆ దిమ్మె మీద నాకు ఎంత బాధ్యత ఉందో ఆమెకు అంతకంటే ఎక్కువే ఉందని నాకు ఆ రోజే తెలుసు.

కాంక్రీటు పోసే రోజు డెయిరీవాళ్ళు మాకు ఒక మేలు చేశారు. కలిపే నీళ్ళు ఎంత చల్లగా ఉంటే కాంక్రీటు అంత తక్కువ వేడితో మొదలవుతుంది, ఆ మేరకు లోపల పెరిగే వేడి కూడా తగ్గుతుంది. పాలు చల్లబరిచే ఐసునీళ్ళు వాళ్ళ దగ్గర తొట్ల కొద్దీ ఉన్నాయి. అడిగాను. అక్కడి సూపర్‌వైజరు, ముప్పై ఏళ్ళుగా పాలలోనే ఉన్న పెద్దమనిషి, నవ్వుతూ పైపు ఇప్పించాడు. "మా పాలకిచ్చే నీళ్ళు మీ సిమెంటుకి ఇస్తా ఉండాము మేడమ్, సల్లగా ఉంటాది మీ దిమ్మె" అన్నాడు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాం. మధ్యలో ఒకటి, పైన ఒకటి వేడి కొలిచే తీగలు పెట్టాను. పైన ప్లాస్టిక్ పట్ట పరిచి, దాని మీద మోకాలెత్తున వరిగడ్డి, గడ్డి మీద గోనెసంచులు కప్పించాను. పక్కల చెక్కలు వారందాకా ఊడదీయొద్దన్నాను. పట్ట కింద తడి ఎక్కడికీ పోదు, గడ్డి వల్ల పైభాగం కూడా వెచ్చగా ఉంటుంది, లోపలా బయటా కలిసి నిదానంగా చల్లారతాయి. అదీ నా పద్ధతి.

ఆ పద్ధతి ఎవరికీ నచ్చలేదు. "నీళ్ళు పొయ్యని కాంక్రీటు ఎక్కడన్నా ఉందా మేడమ్?" అని కంట్రాక్టరు అడిగితే మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పాను. మూడుసార్లూ తల ఊపి, నాలుగోసారి అదే ప్రశ్న అడిగాడు. సూపర్‌వైజరుకు రెండుసార్లు చెప్పాను. యంత్రం కంపెనీ మనిషి బెంగుళూరు నుంచి ఫోను చేస్తే అతనికి ఇంగ్లీషులో గంటసేపు చెప్పాను. అప్పటికే నా ఓపిక అయిపోయింది. అప్పుడు అవ్వ వచ్చింది, చేతిలో పైపు పట్టుకుని.

"అవ్వా, దీని మీద చుక్క నీళ్ళు పడకూడదు."

"పడకూడదా?"

"పడకూడదు. నేను చెప్పేదాకా."

"ఎందుకు మా?"

"నేను చెప్పినాను కాబట్టి. నువ్వు కూడా మొదలుపెట్టొద్దు అవ్వా, నా తల ఇప్పటికే పగిలిపోతా ఉండాది."

ఆమె పైపు చుట్టేసి, దిమ్మె పక్కన ఒక సంచి పరుచుకుని కూర్చుంది. నీళ్ళు పట్టే మనిషిని నీళ్ళు పట్టొద్దని కాపలా పెట్టాను.

రెండో రోజు లెక్కలు బాగున్నాయి. మధ్యలో అరవై, పైన నలభై అయిదు. తేడా పదిహేను. నేను సంతోషంగా పుస్తకంలో రాసుకుంటుంటే సూపర్‌వైజరు వచ్చి, గడ్డి కింద చెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాగాడు.

"మేడమ్, కాగతా ఉండాది ఇది!"

"కాగుతుందండీ. కాగాలి."

"అట్లంటారేంది? పిండిన పాలు వెచ్చగా ఉంటాయి. వాటిని గంటలో సల్లబరస్తే సరి, ల్యాకపోతే ఇరిగిపోతాయి. ముప్పై ఏండ్లుగా సూస్తాండా. వేడిగా ఉండేదానికి పైన గడ్డేసి, గోతాలేసి మూసిపెడతారా ఎవరన్నా? పోసేటప్పుడు మీరే గదా ఐసునీళ్ళు అడిగినారు. ఇప్పుడు మాత్రం ఎందుకొద్దు? ఇంగో రెండు తొట్లు ఇస్తాం, పొయ్యండి."

"కలిపేటప్పుడు వేరు, ఇప్పుడు వేరు. ఇది పాలు కాదు."

"ఏదైనా ఇరిగేది ఇరిగేదే గదా మేడమ్."

నేను నవ్వాను. వెటకారంగానే నవ్వాను. "మీరు పాలు చూసుకోండి, నేను కాంక్రీటు చూసుకుంటాను" అన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. మంచి మనిషి. అయినా ఎంతమందికి ఎన్నిసార్లని చెప్పను అని విసుక్కున్నాను.

మూడో రోజు పొద్దున్నే నేను చిత్తూరు వెళ్ళాలి. పోసిన రోజు అదే కాంక్రీటుతో చిన్న చిన్న ఘనాలు పోసి ఉంచుతాం, వాటిని మూడో రోజు మిషన్లో నొక్కించి బలం చూడాలి. బయలుదేరుతూ అవ్వతో, "ఎవర్నీ ముట్టనియ్యొద్దు" అన్నాను.

"ఎవరన్నా అడిగితే ఏం సెప్పాల మా?"

"నేను వద్దన్నానని చెప్పు. అది చాలదా?"

ఘనాలు బ్రహ్మాండంగా వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి ఆ సంతోషంతో పలమనేరు తిరిగొచ్చాను. దిమ్మె దగ్గరికి వచ్చి ఆగిపోయాను. గోతాలు ఒక పక్క, గడ్డి ఒక పక్క పద్ధతిగా కుప్ప పెట్టి ఉన్నాయి. ప్లాస్టిక్ పట్ట చక్కగా చుట్టి గోడకు ఆనించి ఉంది. దిమ్మె బట్టబయలుగా, తళతళ మెరుస్తూ, చుట్టూ మడుగు కట్టి ఉంది. దాని పక్కన అవ్వ. చీర కుచ్చిళ్ళ దగ్గర్నుంచి భుజం దాకా నీళ్ళు కారుతున్నాయి. చేతిలో పైపు.

పైకెక్కి చూశాను. ఒక మూల నుంచి మధ్య దాకా వెంట్రుకంత సన్నగా ఒక గీత. దానికి అడ్డంగా ఇంకొకటి. వేలితో తడిమితే గోరు దిగింది. మీటరు చూశాను. మధ్యలో అరవై ఎనిమిది, పైన పంతొమ్మిది.

నేను ఏమేం అన్నానో మొత్తం ఇక్కడ రాయలేను, రాయడానికి సిగ్గుగా ఉంది. అరిచాను. డెయిరీ గేటు దాకా వినిపించిందని తర్వాత చెప్పారు. ఆమె రెండేసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ అదే మాట: "నేను పొయ్యలేదు మా."

"పైపు నీ చేతిలోనే ఉండాది, చీరంతా నీళ్ళు కారతా ఉండాది, ఇంకా పొయ్యలేదంటావా?" అన్నాను.

అరుపులు విని కంట్రాక్టరు వచ్చాడు. పగులు చూశాడు. అతనికి నాకు పట్టినన్ని మాటలు పట్టలేదు. "సాలు అవ్వా. మూట సర్దుకో" అన్నాడు.

ఆమె ఏడవలేదు. పైపును మామూలుగా చుట్టినట్టే చుట్టి, మేకుకు తగిలించింది. సంచి తీసుకుని గేటు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగింది. నా వైపు కాదు, దిమ్మె వైపు చూసింది. మూడింటి బస్సుకు వెళ్ళిపోయింది. నేను ఫోను తీసి, "కూలీ నిర్లక్ష్యం వల్ల దిమ్మె పగిలింది" అని యంత్రం కంపెనీకీ డెయిరీకీ మా ఆఫీసుకూ అందరికీ ఒకేసారి పెట్టేశాను. కోపంలో నా వేళ్ళు చాలా చురుగ్గా పనిచేస్తాయి.

అయిదింటికి సాయంత్రం పాలు దింపుకోవడం అయ్యాక సూపర్‌వైజరు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నిన్నటి అలక మచ్చుకైనా లేదు.

"సూసినారా మేడమ్? ఇప్పుడు పెట్టండి సెయ్యి. పెరుగు ముంత మాదిరి సల్లగుండాది."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. "మీరా?" అన్నాను.

"మేమే! పొద్దున వచ్చి సెయ్యి పెడితే పట్టలేకపోయినాను. మీరు ల్యా, కంట్రాక్టరు ల్యా. కండ్ల ముందర ఇరిగిపోతా ఉంటే సూస్తా ఊరుకుంటామా? మా పిలకాయలు నలుగుర్ని పెట్టి, నీట్‌గా అంతా తీసేసి, ఐసునీళ్ళ పైపు తగిలించినాము. మూడు గంటలు పోసినాము. ఆ అవ్వే అడ్డమొచ్చె. పైపు గుంజేదానికొచ్చి ఆయమ్మ మీదే పడినాయి నీళ్ళన్నీ. ఐసునీళ్ళు మేడమ్, పాపం వణికిపొయ్యింది. అయినా వదల్లా. మేము అటు పోంగానే పైపు పీకి సేతిలో పట్టుకున్నింది."

ఆయన థాంక్స్ కోసం నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, చిరునవ్వుతో. ఆ మనిషిని ఏమనాలి? ముప్పై ఏళ్ళు పాలు విరగకుండా కాపాడిన చెయ్యి, నా దిమ్మెను కూడా కాపాడేశాననుకుంటోంది. నేను పగులు చూపించాను. ఆయన వంగి చూసి, గోరు పెట్టి చూసి, "ఇది ముందే ఉన్నిందేమో మేడమ్" అన్నాడు.

మర్నాడు పొద్దున బస్సెక్కి చిత్తూరు, చిత్తూరు నుంచి నగరి, అక్కడి నుంచి ఆటోలో ఆమె పల్లెకు వెళ్ళాను. దారి పొడవునా మనసులో మాటలు కూర్చుకున్నాను. క్షమించు అనే మాట పెద్దవాళ్ళతో ఎలా అనాలో నాకు అలవాటు లేదు. ఆమె వీధిలో ప్రతి ఇంట్లోనూ మరమగ్గం టకటకలాడుతోంది, ఏం మాట్లాడినా గట్టిగా అరవాలి. ఎప్పుడూ అరిచే నేను ఆ రోజు ఆమె ఇల్లు ఏదో చేతి సైగలతోనే అడిగాను.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూసో మా. అంత దూరం నుంచి వస్తివి. తిందువుగానీ" అని గిన్నెలో రాగి సంగటి ముద్ద పెట్టింది, పక్కన వేరుశనగ ఊరిబిండి పచ్చడి. ఆకలిగా ఉంది. వేళ్ళు ముద్దలోకి దించి అబ్బా అని లాక్కున్నాను.

"నిదానం మా. పైన ఆరిపొయ్యింటాది గానీ లోపల కాలతా ఉంటాది" అంది.

నేను వేళ్ళు ఊదుకుంటూ ఆ ముద్దకేసి చూశాను. తర్వాత అడిగాను, "అవ్వా, నిన్న ఏం జరిగింది?"

"ఏముండాది మా. ఆ పాల సారు వచ్చినాడు. మంచోడే, గదమాయించలా. 'ఎందుకు పొయ్యకూడదో ఒక్క మాట సెప్పు అవ్వా, సెప్తే మేము ఎలబారి పోతాము' అనినాడు. నాకేం తెలుసు సెప్పేదానికి? మేడమ్ వద్దనింది అన్నాను. 'మేడమ్ పనుల్లో పడి మర్సిపొయ్యుంటాది, నువ్వు ఇన్నేండ్లు నీళ్ళు పట్టినదానివి, నువ్వే సెప్పు, పొయ్యాల్నా వద్దా' అనినాడు. నా నోట్లో మాట ల్యా. నేను పట్టినన్ని నీళ్ళు ఎవురు పట్టినారు? పొయ్యద్దు అని నేను ఏం మొగం పెట్టుకోని సెప్పేది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కంట్రాక్టరుకు మూడుసార్లు చెప్పాను. సూపర్‌వైజరుకు రెండుసార్లు. బెంగుళూరు మనిషికి గంటసేపు. ఈమె మూడు రోజులు ఆ దిమ్మె పక్కనే కూర్చుంది, ఎందుకు మా అని నోరు తెరిచి అడిగింది, ఈమెకు మాత్రం చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు. నాకు నా మీద వచ్చినంత అసహ్యం ఆ సూపర్‌వైజరు మీద కూడా రాలేదు.

అప్పుడు చెప్పాను. ఆమె పెట్టిన సంగటి ముద్దనే చూపించి చెప్పాను. దిమ్మె కూడా ఇలాంటిదే అవ్వా, లోపల కాలుతూ ఉంటుంది, వేడికి ఉబ్బి ఉంటుంది. పైన ఐసునీళ్ళు పోస్తే పైభాగం ఒక్కటే చల్లారి ముడుచుకుంటుంది. లోపలిది ముడుచుకోదు. పైదానికి ఇమడడానికి చోటుండదు. అందుకని చిట్లుతుంది. గడ్డి కప్పితే పైనా లోపలా ఒకటిగా, నెమ్మదిగా చల్లారతాయి.

ఆమె తన మణికట్టు తడుముకుంది. "అంటే, సెయ్యి వాసిపోతే మట్టిగాజు పటక్కని పగిలినట్టు. గాజు తప్పు కాదు, సెయ్యి తప్పు కాదు, చోటు సాల్లా" అంది.

"అంతే అవ్వా."

"ఇంతేనా?"

"ఇంతే."

"ఈ ఒక్క ముక్క సెప్పుంటే నేను దాని మీద ఎక్కి పండుకోనుండేదాన్ని గదా మా. నా మీద పోసుకోమని సెప్పుండేదాన్ని."

తిన్నాక, "రా అవ్వా, పోదాం. కంట్రాక్టరుతో నేను మాట్లాడతాను" అన్నాను. ఆమె గిన్నె తీసి పక్కన పెట్టి అడిగింది.

"నేను పొయ్యలేదని వాళ్ళకి సెప్పినావా?"

"చెప్తాను. వచ్చాక చెప్తాను."

"ముందు సెప్పు మా. అందరూ ఉండేటప్పుడు అరిసినావు గదా, అందరూ ఉండేటప్పుడే సెప్పు. సెప్పినాక నేను వస్తా. బస్సులుండాయి, నేను యాడికీ పోను."

గట్టిగా కూడా అనలేదు. మగ్గాల చప్పుడులో ఆమె పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

నేను చెప్పానా? చెప్పాను, గొప్పగా ఏమీ కాదు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, మా కూలీలూ డెయిరీ మనుషులూ కంట్రాక్టరూ ఉండగా, నీళ్ళు పోసింది అవ్వ కాదని, ఆపబోయి తడిసింది మాత్రమే అవ్వ అని, ఎందుకు పోయకూడదో ఆమెకు చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. సూపర్‌వైజరు, "అయితే తప్పంతా మాదేనంటారు" అని మళ్ళీ అలిగాడు. "ముసిలామె కోసం ఇంత రచ్చ ఎందుకు మేడమ్, గమ్మునుంటే పొయ్యేది గదా" అన్నాడు కంట్రాక్టరు. ఫోన్లో అందరికీ పెట్టిన మాట దిద్దడం ఇంకా కష్టమైంది. రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. "కూలీ నిర్లక్ష్యం" అన్నప్పుడు ఇంత సేపు పట్టలేదు. చివరికి "సూచనలు సరిగా ఇవ్వని తప్పు నాది" అని పెట్టేసి ఫోను జేబులో వేసుకున్నాను. బెంగుళూరు మనిషి నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

పగులు లోతు కొలిస్తే మూరెడుంది. యంత్రం దించేది లేదన్నారు, అనుకున్నదే. దిమ్మె మొత్తం పగలగొట్టడానికి వారం పట్టింది. అవ్వ ఆ వారంలోనే వచ్చింది. రమ్మని నేను మళ్ళీ కబురు పెట్టలేదు. మా కూలీల్లో ఎవరో ఆమె పల్లెవాళ్ళు ఉన్నారు, జరిగింది ఆమెకు వాళ్ళే చేర్చారు. కంట్రాక్టరు ఆమెను చూసి నన్ను చూసి, హాజరు పుస్తకంలో ఆమె పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ పోశాం. మళ్ళీ ఐసునీళ్ళతో కలిపాం, మళ్ళీ పట్ట, మళ్ళీ గడ్డి. రెండో రోజు సూపర్‌వైజరు రాకుండా ఉంటాడని నేను ఆశపడ్డాను. వచ్చాడు. చెయ్యి పెట్టాడు. "కాగతా ఉండాది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అవ్వ లేచి నిలబడింది. సంగటి ముద్ద, వాచిన చెయ్యి, మట్టిగాజు, మొత్తం అరనిమిషంలో చెప్పేసింది. ఆయన తల ఊపి, "అట్లనా? ఈ మాట మాకు ముందే ఎవురన్నా సెప్పుండకూడదా?" అనేసి వెళ్ళిపోయాడు.

రెండుసార్లు చెప్పాను ఆ మనిషికి! డిగ్రీలతో సహా చెప్పాను! పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

మూడో రోజు ఘనాల పనికి మళ్ళీ చిత్తూరు వెళ్ళాల్సి వచ్చింది. పరుగెత్తుకుంటూ తిరిగొస్తే అంతా ఉన్నదున్నట్టే ఉంది, గోతం కూడా పక్కకు జరగలేదు. మీటరు తగిలించాను. మధ్యలో పెట్టిన తీగ అంకె చూపించడం లేదు. మూలన గడ్డి కింద జాయింటు వదులై ఉండాలి. నేను దిమ్మె మీదికి ఎక్కి, గోతం పట్టుకుని లాగబోయాను. నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని గరుకు తేలిన చెయ్యి.

"ఎందుకు తీస్తా ఉండావు?"

"నేనే అవ్వా."

"తెలుసు. ఎందుకు?"

నాకు మామూలుగా వచ్చే కోపం గొంతు దాకా వచ్చింది. ఇంజనీరును నేను, ఈ పట్ట కప్పించింది నేను, ఆ తీగ పెట్టింది నేను. ఆమె చెయ్యి తీయలేదు. నేను దిగి, దిమ్మె పక్కన ఆమె పరుచుకున్న సంచి మీద కూర్చుని, తీగ ఏమిటో, అది ఏం కొలుస్తుందో, జాయింటు వదులైతే ఏమవుతుందో, ఎంత మేర గడ్డి తీయాలో, ఎంతసేపట్లో మళ్ళీ కప్పుతానో అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత తనే చెయ్యి చాచి, ఆ మూల ఒక్క గోతం, ఒక్కటే, పక్కకు జరిపింది.